నీళ్ళరంగు వేసిన రాయి

కాదండీ ఫాదర్ గారూ, అటు పోకండి. గదులన్నీ అయినయ్యి కదా, ఇంక చాలండి. పెరడు మంత్రించకపోతే ఏమవుద్ది? పెరట్లో ఏముంది గనక, రెండు కరివేపాకు మొక్కలు, ఒక బట్టలుతికే బండ. దానికోసం మంత్రించిన నీళ్ళు ఖర్చు చెయ్యటం ఎందుకు?

చూసేశారా.

కిటికీలోంచి కనపడతానే ఉందంటారా. సరే. అంత రాయి, అంత మొహం, అంత పసుపు, కనపడకుండా ఎట్టా ఉంటదిలెండి.

కూర్చోండి. ఆ సీసా బల్ల మీద పెట్టండి. మా అత్తయ్య కొట్టుదాకా వెళ్ళింది. మా ఆయన మధ్యాహ్నానికి గానీ రాడు. ఈలోగా చెప్పాల్సింది చెప్పేస్తాను. పెసరట్టు పోస్తాను, తింటా వినండి. ఖాళీ కడుపుతో వినే కథ కాదది.

ఇదంతా మా అత్తయ్య వల్లనండి. ఈ ఇంట్లోకొచ్చి రెండేళ్ళు. ఇల్లు మంత్రించుకుందామని మా ఆయన అన్నప్పుడల్లా, సున్నం ఆరలేదనీ, తలుపులకి రంగు పడలేదనీ, పిల్లలకి పరీక్షలనీ నేను వాయిదా వేస్తా వచ్చాను. చివరికి ఆవిడే, మా అంతోనమ్మగారు, డెబ్బై రెండేళ్ళ మనిషి, ఒక్కతే ఆటో ఎక్కి గుడికొచ్చి మిమ్మల్ని పిలిచేసి, ఆ సంగతి నాకు నిన్న సాయంత్రం బియ్యం ఏరుకుంటా చెప్పింది. పెద్దావిడ పిలిచాక ఇంక నేనేం చేస్తాను?

ముందుగా ఒక మాట. మేం మతం మారలేదండి. గోడ మీద యేసు తిరుహృదయం పటం చూశారు కదా, రోజూ సాయంత్రం జపమాల చెప్పుకుంటాం. మీరు ఈ గుడి విచారణకి కొత్తగా వచ్చారు, మీదీ గుంటూరు జిల్లాయేనంట, అదొకటే నా ధైర్యం. మావాళ్ళ ఇబ్బంది మీకు కాస్త తెలుస్తదని.

మా ఆయన మరియదాసు సినిమా సెట్టింగుల వడ్రంగి. మాది రేపల్లె పక్క పల్లె. పెళ్ళైన ఏడాదే మద్రాసు వెళ్ళిపోయాం, వడపళనిలో ఇరవయ్యేళ్ళు. రాజదర్బారు కావాలంటే దర్బారు, గుడిసె కావాలంటే గుడిసె. వెనక్కెళ్ళి చూస్తే రెండూ ఒకటే కర్ర. తెలుగు సినిమాలన్నీ మూటాముల్లే సర్దుకుని హైదరాబాదు వచ్చేస్తా ఉంటే, ఎనభై ఆరులో, ఆ మూటల వెనకాలే మేమూ వచ్చాం.

వస్తే ఇల్లేదీ?

ఏం చేస్తారు అని అడుగుతారు. సినిమా అంటే సగం తలుపు మూసేస్తారు. మా అత్తయ్య మెళ్ళో జపమాల చూసి మిగతా సగం. 'ఇప్పుడే ఎవరికో ఇచ్చేశామమ్మా' అంటారు. టులెట్ బోర్డేమో మా నెత్తిమీదే ఊగుతా ఉంటది. ఎట్టాగో ఇచ్చినవాళ్ళు కూడా ఒకటే షరతు పెట్టేవాళ్ళండి, గోడకి మేకు కొట్టకూడదని. మా ఆయన పొద్దున్నుంచి సాయంత్రం దాకా లేని గోడలకి వెయ్యి మేకులు కొట్టొచ్చి, ఇంటికొస్తే పటం తగిలించటానికి ఒక్క మేకు కొట్టటానికి లేదు. తిరుహృదయాన్ని బియ్యం డబ్బా మీద నిలబెట్టి దణ్ణం పెట్టుకునేవాళ్ళం. బియ్యం తీయాల్సొచ్చినప్పుడల్లా ముందు లెంపలేసుకుని ప్రభువుని దించాలి.

ఆరేళ్ళలో తొమ్మిది ఇళ్ళు. ఒక్కో ఇంటికి ఒక్కో కథ. మధురానగర్లో శకుంతలమ్మగారిల్లు ఒక్కటే చెప్తాను. మంచి మనిషేనండి. వడ్రంగి అంటే నచ్చి ఇచ్చింది, ఇంట్లో కుర్చీ కాళ్ళు ఊడితే పనికొస్తాడని. మా ఆయనకి ఇంటికి పని తెచ్చుకునే అలవాటు. ఒక నెల సింహాసనం తెచ్చాడు. ఒక నెల జైలు తలుపు. ఆవిడ ఏమీ అనలేదు. ఒకసారేమో ఏదో సినిమాకి శవపేటిక చెయ్యాల్సొచ్చింది. చేసి, వార్నీషు కొట్టి, ఆరటానికి వరండాలో పెట్టి వెళ్ళాడు.

ఇంకేముంది. మాకు తెలిసినవాళ్ళెవరో దారిన పోతా చూశారు. క్రైస్తవుల ఇల్లు, వరండాలో పేటిక, ఇంట్లో ముసలావిడ. ఒకరికొకరు చెప్పుకుని పదిమంది పూలదండలు పట్టుకుని వచ్చేశారు. శకుంతలమ్మగారు కూడా కిందకొచ్చి, ముక్కు చీదుకుంటా, 'నిన్ననే నా దగ్గర చింతపండు తీసుకెళ్ళిందమ్మా' అని ఏడుస్తా ఉంది. తలుపు కొడితే తీసింది ఎవరనుకున్నారు? మా అత్తయ్యే. దండలన్నీ చూసి, 'ఎవరు పోయారే?' అనడిగింది.

శకుంతలమ్మగారికి మూడు రోజులు జొరం. నాలుగోరోజు మాకు నోటీసు.

నవ్వండి ఫాదర్ గారూ, ఫర్వాలేదు. మేమూ ఇప్పుడు నవ్వుకుంటాం. ఆరోజు సామాను రిక్షాలో వేసుకుని, ఆ పేటిక ఎక్కడ పెట్టాలో తెలీక అందులోనే గిన్నెలు సర్ది తీసుకుపోతా ఉంటే నాకు నవ్వు రాలేదు. రోడ్డు మీద మగాళ్ళు దణ్ణం పెట్టి పక్కకి జరిగారు. లోపల ఇడ్లీ కుక్కరుంది.

ఆ సాయంత్రమే మా అత్తయ్య పట్టుబట్టింది. పల్లెలో తన పేరున అరెకరం ఉంది, అమ్మేద్దామంది. అమ్మేశాం. ఇంక వెనక్కి పోదామన్నా కాలు పెట్టుకునే జాగా లేదు.

ఈ స్థలం అమ్మింది పక్కూరు షేక్‌పేట నర్సింహ. పెద్దమనిషే. వాళ్ళకిక్కడ మేకలు మేపుకునే గుట్టంతా ఉండేదంట. చూపించటానికి తీసుకొచ్చాడు. తుప్పలు పక్కకి జరిపితే ఏముందండీ, ఈ రాయి. లోడు లారీ ఎంతుంటదో అంత. మా రేపల్లె వైపు రాయి అనేది ఉండదు కదా, అంతా నల్లమట్టి. రుబ్బురోలు కావాలన్నా సంతలో కొనుక్కోవాల్సిందే. నేను అంత రాయిని అంత దగ్గర్నుంచి చూడటం అదే మొదలు. 'దీన్ని ఏం చేస్తారయ్యా' అంటే, నర్సింహ నెమ్మదిగా చెప్పాడు. 'రాయి ఉన్నకాడ పునాది పక్కాగుంటది, ఫికర్ లేదు' అని.

మా ఆయన నమ్మాడు. సెట్టింగులవాడు కదండీ, ఆయనకి ఏ రాయైనా అట్టముక్కలాగే కనపడతది. లాగితే వచ్చేస్తదనుకున్నాడు.

రాళ్ళు కొట్టేవాళ్ళని పిలిచాం. వారం రోజులు మంట పెట్టి, నీళ్ళు పోసి, సుత్తులతో కొడితే రుబ్బురోలంత ముక్క ఊడింది. మందు పెట్టి పేలుద్దామంటే చుట్టుపక్కల అద్దాల మేడలు, ఎవరూ ఒప్పుకోలేదు. సరే, రాయిని వెనకాల ఉండనిచ్చి ముందు నాలుగు గదులు వేసుకుందాం అనుకున్నాం. ముగ్గు కూడా పోశాడు మేస్త్రి.

మర్నాడు వెళ్ళి చూస్తే ముళ్ళకంచె. మధ్యలో బోర్డు, 'ఈ స్థలం వీరభద్రం గారిది' అని.

వీరభద్రం ఎవరంటే, ఇదే ఆయన పనండి. ఖాళీ స్థలం కనపడితే దానికొక కాయితం పుట్టిస్తాడు. మాది రిజిస్ట్రేషన్ కాయితమే. ఆయన తెచ్చింది అంతకంటే పాతది, మరకలు కూడా ఉన్నాయి. పోలీసులేమో సివిల్ తగాదా కోర్టుకి పొమ్మన్నారు. కోర్టంటే ఎన్నేళ్ళో తెలీదు. నలుగురు మనుషుల్ని రేకుల షెడ్డేసి కాపలా పెట్టాడు వీరభద్రం. మా ఆయనకి ఆ రోజుల్లో నిద్దర లేదండి. 'ఫిలోమినా, ఇరవయ్యేళ్ళు ఊరందరికీ ఇళ్ళు కట్టాను, ఒక్కటన్నా నిలబడేది కట్టలేకపోయాను' అన్నాడు. నేనేమో గుడికెళ్ళి మరియమ్మ తల్లి దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆవిడ చూస్తానే ఉంది. ఆవిడకి మాత్రం సొంతిల్లు ఎక్కడిదిలే, పశువుల పాకలో కన్నది కదా, అనుకుని నాకు నేనే సర్దుకున్నాను.

ఇంకో అట్టు వేస్తాను, ఉండండి.

అప్పుడొచ్చిందండీ షూటింగు. పల్లెటూరి సినిమా. గ్రామదేవత ముందు పాట. పెద్ద రాయి కావాలి. సెట్టింగు వేస్తే ఖర్చని, మా ఆయన పైన పనిచేసే ఆర్టు డైరెక్టరు, 'దాసూ, నీ స్థలంలో రాయుంది కదా' అన్నాడు. నా స్థలం ఇప్పుడు నాది కాదండి అన్నాడు మా ఆయన. ఆయన వెళ్ళి వీరభద్రాన్నే అడిగాడు. హీరోయిన్ వస్తదంటే వీరభద్రం కంచె తనే విప్పించాడు, కుర్చీలు తనే వేయించాడు.

మూడు రోజులు. రాయికి పసుపు రంగు, ఎర్ర బొట్టు, ఇంతలేసి కళ్ళు, కోరమీసమంత కనుబొమలు. పెయింటరు చాలా బాగా వేశాడు. రెండో రోజు జనం తక్కువ పడ్డారు. డైరెక్టరు కాపలా వాళ్ళు నలుగుర్నీ కూడా రమ్మన్నాడు. తలకి వేపాకు కట్టి, నుదుట కుంకం పూసి, రాయి ముందు సాష్టాంగపడమన్నాడు. సరిగా రాలేదని పదకొండు టేకులు తీశాడండి. పదకొండుసార్లు పడ్డారు పాపం, హీరోయిన్ పక్కనే కదా అని.

పదకొండుసార్లు ఎవరి కాళ్ళ మీద పడినా మనిషికి భక్తి వచ్చేస్తదనుకుంటాను. షూటింగ్ అయిపోయింది, లారీలు వెళ్ళిపోయినయ్యి. రంగు కడగాల్సిన నీళ్ళ ట్యాంకరు వాళ్ళు కడక్కుండానే పోయారు. మర్నాడు పొద్దున నేను వెళ్ళి చూస్తే ఆ నలుగురు కాపలా వాళ్ళ చెప్పులు కంచె బయట ఉన్నాయి. లోపల వాళ్ళు ఉత్త కాళ్ళతో తిరుగుతా ఉన్నారు. రాయి ముందు ఒక నిమ్మకాయ.

నిమ్మకాయ పెట్టింది బాలమణి. నర్సింహ భార్య. అప్పటిదాకా నేనామెతో రెండు మాటలు కూడా మాట్లాడలేదు. 'ఇది సినిమా కోసం వేసిన బొమ్మ అమ్మా, నిజం కాదు' అని చెప్పాను. నావైపు చూసి, 'సినిమా ఏంది అక్కా, దేవత ఏంది. కండ్లు పెట్టినంక సూడకుంటదా' అంది.

దానికేం జవాబు చెప్తామండీ? మీరైతే చెప్పేవాళ్ళేమో.

వారానికల్లా షేక్‌పేట ఆడాళ్ళందరూ రావటం మొదలెట్టారు. వీరభద్రానికి ఒళ్ళు మండింది. గోడ కట్టిస్తానని గునపాలు తెప్పించాడు. ఆ నలుగురు గునపం ముట్టుకోలేదు. కావాలంటే మా జీతం ఉంచుకోండి అన్నారంట. దాంతో ఆయనే గునపం తీసుకుని రాయి పక్కన రెండు పోట్లు పొడిచాడు. మర్నాటికి దవడ గుమ్మడికాయంత వాచిపోయింది.

జ్ఞానదంతమండీ. పళ్ళ డాక్టరు చెప్పాడంట. కానీ వాళ్ళమ్మ వినలేదు. కొడుకుని చెవి పట్టుకుని తీసుకొచ్చి, రాయి ముందు కూర్చోబెట్టి, కొబ్బరికాయ కొట్టించి, బోర్డు పీకించింది. అంత జ్ఞానం ఏ పంటి దారిన వస్తేనేం, వచ్చింది కదా.

కంచె పోయింది. మా ఆయన ఆ పూటే మేస్త్రిని పిలుచుకొచ్చాడు. ఇల్లు లేస్తా ఉంటే బాలమణి వచ్చి అడిగింది, మరి అమ్మ దగ్గరికి మాకు దారేదని. ఇంటి పక్కన మూడడుగులు వదిలాం. మూడడుగులు ఈ రోజుల్లో, ఫిలింనగర్లో, ఎవరు వదులుతారండి? మేం వదిలాం. మొదటి గోడ లేవంగానే మా ఆయన మేకు కొట్టాడు. సిమెంటు ఇంకా పచ్చిగా ఉంది, మేకు ఊడిపోయింది. మళ్ళీ కొట్టాడు. నాలుగుసార్లు కొట్టాడు, నిలవలేదు. అయినా మా అత్తయ్య వచ్చేపోయేవాళ్ళకి ఆ చిల్లులు చూపించేది, మా వాడు కొట్టాడని.

ఆ పచ్చడి బాగుందా? ఇంకాస్త వేస్తాను. వారానికి ఇరవై కాయలు కొడతారండి అక్కడ, బాలమణి సగం మాకే పంపిస్తది. మేం కొబ్బరికాయ కొని నాలుగేళ్ళు.

అయ్యో, పొలమారిందా. నీళ్ళు తాగండి. అవి కాదండీ, అవి మీరు తెచ్చినవి, ఇదిగో ఈ గ్లాసు.

సరే, ఇక్కడిదాకా మా ఇంట్లో అందరికీ తెలుసు. ఫాదర్ గారు అడిగితే, అది సినిమావాళ్ళు వేసిన బొమ్మ, మాకేం సంబంధం లేదు అని చెప్పమని మా ఆయన పొద్దున పోతా పోతా చెప్పి వెళ్ళాడు. ఆయన అదే నిజమనుకుంటున్నాడు. ఆయనకి అబద్ధం రాదు.

మీకు ఒక్కటి అర్థం కాలేదా? సినిమావాళ్ళు ఎప్పుడూ నీళ్ళరంగు వేస్తారండి. కడిగితే పోవాలి కాబట్టి. ఆ సినిమా తీసింది తొంభైలో, మార్చి నెల. ఇప్పుడు తొంభై నాలుగు మే. మధ్యలో నాలుగు వానాకాలాలు పోయినయ్యి.

అవునండి.

మొదటి వానకే ఒక కన్ను కారిపోయింది. రెండో వానకి ముక్కు లేదు. పునాదుల మీద గోడలు నడుమెత్తు లేచి ఉన్నాయి అప్పటికి. ఒకరోజు వీరభద్రం మోటారు సైకిలు మీద వచ్చి ఆగాడు. పన్ను పీకించుకున్నాడు కదా, మనిషికి మళ్ళీ ధైర్యం వచ్చేసింది. కిళ్ళీ నములుతా, ఆ కారిపోయిన కన్ను వంక చూశాడు. అంతసేపు చూశాడు ఫాదర్ గారూ. తర్వాత మా గోడ వంక చూశాడు. కిళ్ళీ ఉమ్మేసి పోయాడు.

ఆయన చూపు నాకర్థమైంది. ఆయన కాయితం ఇంకా ఆయన దగ్గరే ఉంది.

ఆ వచ్చిన ఆదివారం, జొరమొచ్చిందని చెప్పి పడుకున్నాను. అందరూ గుడిలో పూజకి వెళ్ళారు. లేచి, మా ఆయన డబ్బాల్లోంచి పసుపూ ఎరుపూ నలుపూ తీసుకుని, అద్దింటి నుంచి ఈ స్థలం దాకా వచ్చి, స్టూలేసుకుని ఎక్కాను. ముందు సిలువ గుర్తు వేసుకున్నానండి. అలవాటు. తర్వాత కుంచె ముంచాను.

నాకు బొమ్మలెయ్యటం రాదు. బళ్ళో అరటిపండు వేస్తే మేడమ్ వంకాయ అనుకుంది. కోపంగా ఉండే ఆడమనిషి మొహం వెయ్యాలి, ఎట్టా? నాకు తెలిసిన కోపం మొహం ఒకటే ఉంది. పెళ్ళైన దగ్గర్నుంచీ రోజూ చూస్తున్నదే. చెయ్యి దానంతటదే పోయిందండి. ఆ కళ్ళు, ఆ గడ్డం, పప్పులో ఉప్పెక్కువైతే పెదవి ఒక పక్కకి లాగుతది చూశారూ, అది కూడా వచ్చేసింది.

మా అత్తయ్యండి. అచ్చం మా అంతోనమ్మగారే.

పూజ నుంచి అటే గోడలు చూడటానికి వచ్చి ఆవిడ రాయి ముందు ఆగింది. తల ఇటు తిప్పి, అటు తిప్పి చూసింది. 'ఈ మొహం నేనెక్కడో చూశానే' అంది. 'సినిమాలో అయ్యుంటది' అన్నాను. ఇప్పటికీ అంటా ఉంటది. ఇల్లు మధ్యలో లేచింది కదా, ఇప్పుడు ఆ మొహం సరిగ్గా మా వంటింటి కిటికీకి ఎదురు. నేను పోపు పెడుతుంటే వెనక నించుని ఒక అత్తగారు, ఎదురుగా నించుని ఒక అత్తగారు. అంతకంటే ప్రాయశ్చిత్తం మీరేమిస్తారు చెప్పండి.

జనం మాత్రం పెరిగారు. ఈసారి అమ్మ మస్తు కోపం మీదున్నదని చెప్పుకున్నారు. వీరభద్రం ఒకసారి వచ్చి చూసి, బండి దిగకుండానే తిప్పుకుని పోయాడు. ఆయనకీ ఒక అత్తగారుందేమో.

ప్రతి ఏడూ అంతే. వానలకి ఆ మొహం కారిపోగానే నాకు ఆదివారం జొరం. నాలుగేళ్ళలో నాలుగు పూజలు పోగొట్టుకున్నాను. మా అత్తయ్య మీకిది కూడా చెప్పే ఉంటది, మా కోడలికి వానాకాలం జొరం తగిలిందని.

ఎవరికీ తెలీదా అంటారా? ఒక్క మనిషికి తెలుసండి. ఆ మొదటిసారే. స్టూలు మీద నించుని కనుబొమ దిద్దుతున్నాను, వెనక అలికిడైంది. తిరిగి చూస్తే బాలమణి, చేతిలో పసుపు గిన్నె. నా చేతిలో కుంచె, ముంజేతుల దాకా పసుపు. ఇంక అయిపోయింది, ఊరంతా చెప్పేస్తది, మా ఇల్లు పోయింది అనుకున్నాను.

ఆమె రాయి వంక చూసింది, నా వంక చూసింది. 'ముక్కుపుడక మర్చిపోయినవ్ పిలమ్మా' అంది. నా పేరు ఆమెకి తిరగదండి, పిలమ్మే.

స్టూలు దిగి కూలబడ్డాను. నా పక్కనే కూర్చుంది. నేను ఏడుస్తా, అరెకరం అమ్ముకుని వచ్చాం, ఇది పోతే మాకేం లేదు, అందుకే వేశాను, మీ దేవతని ఎగతాళి చెయ్యటానికి కాదు అని చెప్పాను. ఆమె అంతా విని, 'నువ్వు అరెకరం అమ్ముకొని గీడికొచ్చినవ్. మేము ఏడెకరాలు అమ్ముకొని గీడనే ఉన్నం. ఎవరిది ఎక్కువ పోయింది చెప్పు' అంది.

నవ్వుతానే అందండి. కానీ నేను నవ్వలేకపోయాను. మేడలొచ్చి గుట్టంతా పోయింది వాళ్ళకి. మేకలు పోయినయ్యి. కూర్చుందామంటే ఒక చెట్టు నీడ కూడా ఒకళ్ళ గోడ లోపలుంది. 'గీ మూడడుగులన్న ఉన్నయి. అమ్మ పేరు చెప్పి గడియసేపు గాలికి కూసుంటం. లేకుంటే మమ్మల్ని గీ రోడ్డు మీద నిలవనిస్తరా. నువ్వు రంగెయ్యి, నేను పసుపు పెడ్త. ఎవరికి చెప్పను' అంది.

చెప్పలేదు. నాలుగేళ్ళయింది, వాళ్ళాయనకి కూడా చెప్పలేదు. ఏటా నేను రంగేస్తుంటే దారి మొదట్లో కాపలా కూర్చుంటది.

మీరడిగేది నాకు తెలుసు. ఇల్లు కట్టుకున్నారు, కరెంటు వచ్చింది, నీళ్ళొచ్చినయ్యి, ఇంకా ఎందుకేస్తున్నావు అంటారు. నన్ను నేనూ అడిగి చూసుకున్నాను. వీరభద్రం భయం సగం తగ్గిన మాట నిజమే. మా ఆయన ఒకసారి, ఆ షేక్‌పేటవాళ్ళెవరో ఏటా రంగు దిద్దుతున్నారు, చెరగని ఎనామిల్ పెయింటు వేస్తే సరిపోద్ది కదా అన్నాడు. ఎనామిల్ వేస్తే శాశ్వతం కదండీ. శాశ్వతంగా పాపం చెయ్యటం ఎందుకు, ఏడాదికి సరిపడా చేసుకుంటే చాలని నేను నీళ్ళరంగే వేస్తున్నాను. అది చిన్న పాపంలోకి వస్తదా, పెద్దదాంట్లోకా?

సరే, అది తర్వాత చెప్దురుగాని. ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీరివాళ ఇక్కడికి ఎట్టా వచ్చారు? మా అత్తయ్య ఏం చెప్పి రమ్మంది?

ఆటోవాణ్ణి అమ్మవారి రాయి దగ్గరికి పోనిమ్మన్నారా.

అదేనండి. తొమ్మిది ఇళ్ళు మారాం. తొమ్మిది చోట్లా మేం కిరాయివాళ్ళం, మద్రాసువాళ్ళం, సినిమావాళ్ళం. కేరాఫ్ శకుంతలమ్మ, కేరాఫ్ ఇంకొకరు. ఉత్తరమొస్తే ముందు ఇంటాయన చదువుకుని తర్వాత మాకిచ్చేవాడు. ఇప్పుడు మా చెల్లెలు రేపల్లె నుంచి ఉత్తరం రాస్తే, ఫిలోమినా, అమ్మవారి రాయి, ఫిలింనగర్ అని రాస్తది. ఇంటి నంబరు కూడా అక్కర్లేదు. పోస్టుమాను నేరుగా వచ్చి నా చేతిలో పెడతాడు. మొదటిసారి అట్టా వచ్చిన ఉత్తరాన్ని, లోపలేముందో చూడకుండా, పై అడ్రసే పదిసార్లు చదువుకున్నానండి.

ఇది ఎవరికీ చెప్పలేదు. బాలమణికి కూడా.

గేటు చప్పుడైంది, మా అత్తయ్య వస్తున్నట్టుంది. ఇదంతా నా పాపసంకీర్తనం కిందే లెక్క, త్వరగా కానివ్వండి. మోకరించమంటే ఇక్కడే మోకరిస్తాను. మీరు ఏ ప్రాయశ్చిత్తం చెప్పినా చేస్తాను, జపమాలలు ఎన్ని చెప్పమన్నా చెప్తాను. చెరిపెయ్యమంటే ఇప్పుడే బాల్చీ తీసుకెళ్ళి చెరిపేస్తాను, బాలమణికి నేనే జవాబు చెప్పుకుంటాను.

మనస్తాప జపం చెప్పమంటారా. చెప్తానండి. నా పాపములన్నిటి కొరకు మనఃపూర్వకంగా దుఃఖపడుతున్నాను. అక్కడిదాకా నిజంగానే దుఃఖపడుతున్నాను ఫాదర్ గారూ.

దాని తర్వాత మాటే. ఇకమీదట మళ్ళీ చెయ్యనని. అది మాత్రం నన్ను చెప్పమనకండి. ఇంకో నెలలో వానలు.